మైనస్ రెండు

మనామాలో మా హోటల్ మూడో అంతస్తు.
లిఫ్టు తలుపు తెరిస్తే ముందు పొగ ఎదురొస్తుంది,
ఆ వెనకే నా కీబోర్డు.

గురువారం. వంతెన దాటి కార్లు దిగే రాత్రి.
ప్లాస్టిక్ బంతిపూల దండ ఐదు దీనార్లు.
ముచ్చటపడ్డవాడు వేలు చూపిస్తే
షంసు తెచ్చి పాడే మనిషి మెడలో వేస్తాడు,
పాట అయ్యేలోగా తీసుకెళ్ళి
మళ్ళీ కౌంటర్ మేకుకి తగిలిస్తాడు.
నిన్న ఒకే దండ పదకొండుసార్లు పూసింది.

మా నాన్న తెనాలిలో పద్యనాటకాల హార్మోనిస్టు.
జనం వన్స్ మోర్ అంటే
చచ్చి పడున్న రాజు లేచి, దుమ్ము దులుపుకుని,
పద్యం ఎత్తుకుని, మళ్ళీ చచ్చేవాడు.
రాజుకి జలుబు చేసిన రోజున
నాన్న చెప్పకుండా శ్రుతి దించేవాడు.
"జనానికి తెలిస్తే నా తప్పు,
రాజుకి తెలిస్తే నా పొగరు" అనేవాడు.

ఇక్కడ రాజులెవరూ లేరు.
బోర్డు మీద రోజీ,
పాస్‌పోర్టులో కొల్లి వరహాలమ్మ,
పాస్‌పోర్టు మేనేజరు సొరుగులో.
నాలుగు భాషల్లో పాడుతుంది,
తిట్టడం మాత్రం అనకాపల్లిలోనే.

వారం నుంచీ గొంతు బొంగురు.
ఏమైందంటే "ఏటీ లేదు" అంది.
మెట్ల కింద, గ్రీన్ రూమ్ అని మేం అనుకునే చోట,
ఫ్లాస్కులో మిరియాల కషాయం.
చీకట్లో మెట్టు ఎక్కడుందో
కాలివేలితో తడుముతున్నట్టు
ఒక్కో స్వరాన్నీ ముట్టి చూసుకుంది.
పై షడ్జం అందలేదు.

మూడో పాటకి ముందు
ఆమె నా వైపు చూడలేదు.
నేనూ చూడలేదు.
ట్రాన్స్‌పోజ్ మీట. ఒకసారి. ఇంకోసారి.
గాజు మీద చిన్న ఎర్ర అంకె.
గిటారు కుర్రాడు ఉలిక్కిపడి
వేళ్ళు రెండు గడులు వెనక్కి జరుపుకున్నాడు.

దండలు పడ్డాయి.
నాలుగు. ఏడు. వంతెనవతలి పెద్దమనిషివి ఒకేసారి మూడు.
మూల బల్ల దగ్గర మాత్రం
జీతాల వారం ఒక్క పెప్సీతో కూర్చునే మనిషి,
మన వైపు వాడే, బూటు అంచున సిమెంటు,
గ్లాసు సగం ఎత్తినవాడు
అలాగే ఆగి, తల వాల్చి విన్నాడు.
తరవాత ఐసు ముక్క నవిలాడు.

రెండున్నరకి లైట్లు వెలిగాయి.
షంసు దండలు లెక్కపెడుతున్నాడు.
వరహాలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని
నా పక్కనుంచి నడిచి వెళ్ళింది.
ఫ్లాస్కు మూతలో మిగిలిన కషాయం
కీబోర్డు అంచున పెట్టి వెళ్ళింది.

చల్లారిపోయింది.
ఘాటు ఇంకా ఉంది.
స్విచ్ ఆపే ముందు
అంకె సున్నాకి తిప్పాలి, అలవాటు.
తిప్పలేదు.
రేపు శుక్రవారం.