గీటురాయి మీద దొరసాని

మంగళవారం. బేరం లేదు.
వశిష్ఠ మీంచి వచ్చే ఉప్పుగాలికి
తక్కెడ పళ్ళేలు వాటంతటవే ఊగుతూ
లేనిదాన్ని తూస్తున్నాయి.

అప్పుడొచ్చింది బొమ్మిడి దీనమ్మ
సఖినేటిపల్లి పంటు దిగి.
చంకలో లేసు సంచి,
కొంగు ముడిలో గోరంత బిళ్ళ.
"మా మావగారి మొలతాడుదండీ.
ఆళ్ళ తాతకి వలలో పడిందంట.
ఎండేనా?"

చింతపండు పెట్టి తోమాను.
నలుపు కిందనుంచి ఒక ఆడమనిషి లేచింది.
ఎత్తుగా చుట్టిన జుట్టు, మెడ చుట్టూ ముత్యాలు,
అంచున నాకు రాని అక్షరాలు.
వెనక మూడు పువ్వులు, పువ్వుల మీద కిరీటం,
కిరీటానికి సరిగ్గా నడుమ
మొలతాడు కోసం ఎవరో పొడిచిన బెజ్జం.

నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.
రాయి మీద ఒక్క గీత.
గీత మొదట తెల్లగా నవ్వింది,
ద్రావకం చుక్క పడగానే
పచ్చగా తల దించుకుంది.
"రూపాయికి ఆరణాలే వెండి" అన్నాడు నాన్న,
చచ్చిపోయిన అణాల్లోనే ఇంకా లెక్క కట్టే మనిషి.

బిళ్ళ మా దగ్గరే వదిలి వెళ్ళింది.
రాత్రి భోజనాలయ్యాక
చరిత్ర మాస్టారు భూతద్దం తెచ్చారు.
ఇటలీదట. ఏదో చిన్న డచీ,
మన మొగల్తూరు సంస్థానమంత,
పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఎల్ల దాటేయొచ్చట.
పొలం తక్కువ, దర్జా ఎక్కువ,
అందుకని టంకశాల పెట్టుకున్నారట.
తురకదేశపు ఆడవాళ్ళు ఈ బిళ్ళలంటే పడిచచ్చి
తలగుడ్డలకి వరసగా కుట్టుకునేవారట.
అడిగినకొద్దీ కొట్టారు,
కొట్టినకొద్దీ వెండి తగ్గించారు.
దొరసాని బుగ్గలు మాత్రం తగ్గలేదు.
చివరికి ఏదో రేవులో
ఒకడెవడో కొరికి చూసి ఉమ్మేశాడు,
బస్తాలకి బస్తాలు తిరగ్గొట్టారు.

"వలందుల ఓడలో ఒకటి ఇటు జారి ఉంటుంది"
అన్నారు మాస్టారు. అది ఆయన ఊహ.
నాకు మాత్రం జాలేసింది.
మన దమ్మిడీ పోయినా
"దమ్మిడీకి కొరగాడు" అనే తిట్టులో బతికే ఉంది,
కానీ పోయినా చిల్లికానీ పోలేదు.
ఆ డచీ డబ్బుకి
మా నరసాపురంలో ఒక తిట్టయినా దక్కలేదు.

తెల్లారి మళ్ళీ దీనమ్మ.
షావుకారు ఈసారి కండెకి రూపాయి కోశాడట,
ఇటలీలో గిరాకీ పడిపోయిందని.
మోజు కొద్దీ ఇచ్చేదే, కరిగిస్తే ఏమీ రాదని
నాన్న చెబుతూనే ఉన్నాడు.
ఆమె వినడం లేదు.
భూతద్దం కింద బిళ్ళని తిప్పుతోంది,
కుట్టు లెక్కపెట్టేటప్పటిలా
పెదాలు కదుపుతూ.

"ఇయ్యి ముత్యాలు కాదండీ."

అంది.

"లేసు. ఇదిగో, గొలుసు కుట్టు.
ఇక్కడ రెండు కన్నులు తప్పింది,
సరిచేసి ముడేసేసింది.
నేనూ అంతే సేత్తాను, రాత్రిపూట."

నాన్నకి ఏం చెప్పాలో తోచలేదు.
వీధిలో ఐసుబండి వెళ్ళింది.

"దీన్ని అల్లినామెకి ఎంతిచ్చుంటారండీ?
ఈ బిళ్ళలే ఇచ్చుంటారా?"

జవాబు కోసం ఆగలేదు.
బిళ్ళని కొంగులో బిగించి
పదిగంటల పంటుకి నడిచిపోయింది.
నాన్న తేనెమైనం ముద్ద తీసి
గీటురాయి మీద గీతని రుద్దాడు.
మళ్ళీ రుద్దాడు.
కొంచెం పచ్చ మిగిలింది.