మేత పుస్తకం

గుంటల దగ్గర్నించి ఉన్నపళాన వచ్చేశా.
చొక్కా జేబులోనే ఉండిపోయింది మేత పుస్తకం.
పొగతోటలో, ఆస్పత్రి మూడో అంతస్తు మెట్ల మీద
ఇప్పుడు దాంట్లోనే రాసుకుంటా ఉండా.

మొదటి రోజు: తొమ్మిది వందల అరవై.
నాలుగో రోజు: ఎనిమిది వందల డెబ్బై.
తగ్గడం మామూలే అంది కెజియా సిస్టర్.
మామూలే. రొయ్య కూడా పొర విడిచేటప్పుడు మేత ముట్టదు,
నాకు తెలుసు.
తెలిసీ కాళ్ళు ఆడలా.

పదకొండేళ్ళుగా గ్రాముల్లో బతికినోణ్ణి.
కిలోకి వంద, కిలోకి అరవై, కిలోకి ముప్పై,
కౌంటు చెబితేనే ధర పలికేది.
నా బిడ్డ
గొట్టాలతో సహా తూచినా
కిలో కాలా.

పెట్టె మీద చీటీ: బేబీ ఆఫ్ వజ్రమ్మ.
దానికింకా పేరు లేదు.
వజ్రకింకా నడక లేదు. కింది వార్డులో
కుట్ల మీద చెయ్యి పెట్టుకోని
పాలు పిండి పంపిస్తాది, మందు సీసా మూతంత.
అది పట్టుకోని నేనెక్కే తీరు చూసి
మెట్లు తుడిచే ఆమె బకెట్టు జరిపింది,
కావడి మోసేవాడికి దారిచ్చినట్టు.

రెండు గంటలకోసారి రెండు మిల్లీలీటర్లు.
మళ్ళీ పట్టేముందు సిరంజితో లాగి చూస్తారు,
కడుపులో మిగిలిందా అని.
"చెక్ ట్రే" అన్నా, నోరు జారి.
సిస్టరుకి అర్థం కాలా.
మేమూ అంతే తల్లీ, తట్ట పైకి లాగి చూసుకుంటాం.
మేత మిగిలితే జబ్బు.
ఖాళీగా వస్తే ఆ పూట మేం అన్నం తింటాం.
ఆ రోజు మిగల్లా.
కింద బంకులో రెండు బన్నులు తిన్నా.

నీళ్ళకి ఊపిరి తగ్గేది తెల్లారుజామున, మూడు దాటాక.
రొయ్యలు తేలి గట్టుకి చేరతాయి,
ఏరియేటర్లన్నీ వేసి పరిగెత్తాల.
ఇక్కడా మూడు దాటాకే
తెర మీద తొంభై రెండు ఎనభై అయింది,
డెబ్బై ఒకటయింది.
గంట మోగింది.
సిస్టరు పరిగెత్తలా.
చెయ్యి లోపల పెట్టి
నా బొటనవేలంత అరికాలు మీద
రెండుసార్లు తట్టింది.
"ఊపిరి తీసుకోడం మర్చిపోయింది. గుర్తు చేశా."

పక్క పెట్టె వాళ్ళది కావలి.
పదిహేను రోజులు ఒకే బల్ల మీద కూర్చున్నాం,
ఒకే టీ రెండు గ్లాసులు చేసుకున్నాం.
ఒక పొద్దున ఆ పెట్టెని స్పిరిటుతో తుడస్తా ఉన్నారు.
ఎవర్నీ అడగలా.
ఆయన చెప్పులుండే చోట
నా చెప్పులు విడవబోయి
వెనక్కి తీసుకున్నా.

పంతొమ్మిదో రాత్రి కరెంటు పోయింది.
నిద్దట్లోనే లేచి ఉరికా,
జనరేటర్ హ్యాండిల్ కోసం గోడంతా తడిమా.
మూడు లెక్కపెట్టేలోపు లైట్లొచ్చాయి.
వాచ్‌మన్ నవ్వలా.
"యా ఊరు?"
"గంగపట్నం."
"గుంటలా?"
"గుంటలే."
బీడీ ఇవ్వబోయాడు. వద్దన్నా,
ఊపిరికి వాసనొస్తాదని.

ఇరవై ఆరో రోజు చొక్కా ఇప్పమన్నారు.
చేతులు మూడుసార్లు కడిగా. ఇంకోసారి కడిగా.
రొయ్య వాసన సబ్బుకి లొంగేది కాదు.
గుండె మీద పడుకోబెట్టారు.
బరువు తెలీలా. వేడి తెలిసింది.
నా వాసనకి ముక్కొకసారి చిట్లించి
ముడుచుకోని నిద్దరపోయింది.
తెర మీద తొంభై ఆరు.
ఈసారి మర్చిపోయింది నేను.
నన్నెవరూ తట్టలా.

ముప్పై మూడో రోజు: కిలో పది గ్రాములు.
దాని పక్కన రాశా,
కౌంటు: ఒకటి.
అదే పేజీలో పైన, పోయిన నెల మేత బాకీ,
ఎనిమిది వేల నాలుగొందలు.
కొట్టెయ్యలా.

ముప్పై నాలుగో రోజు: తొమ్మిది వందల తొంభై అయిదు.
మామూలే,
అని నేనే రాసుకున్నా.