మూడు చుక్కల బోల్టు

వెస్ట్‌పోర్ట్‌లో వాన మొదలైతే
షెడ్డు రేకు కింద ఇంకో మాట వినపడదు.
నాలుగు ఆపిల్ పెట్టెల్లో వచ్చింది బండి.
వేలంలో ఎవరూ చెయ్యెత్తలేదు. నేనెత్తాను,
డెబ్బైకి ఒకటి తక్కువ వయసులో.

అమ్మినవాళ్ళకి తెలిసింది ఇంతే:
కాక్స్‌హెడ్ అనే ఆయనది. బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టరు. పోయాడు.
ముఖం ఎరగను.
బోల్టులు విప్పుతుంటే మనిషి తెలుస్తున్నాడు.

నట్ల మూలలు అరగలేదు,
కొలతకి సరిపోయే పానా తప్ప పట్టనివాడు.
ఎడమవైపు అడుగుది మాత్రం కొరికేసినట్టుంది,
ఆ సాయంత్రం ఎవరిమీదో కోపం.
ఆయిలు కారే చోట వాషరు బదులు
రాగి పెన్నీ, రాజుగారి మెడ మీదుగా చిల్లు పొడిచి.
ఇంగ్లండు నుంచి ఓడ ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో
జేబులో ఉన్నదే విడిభాగం.

బిస్కెట్ల డబ్బా అట్ట చింపి
ఇంజను ఆకారం గీశాను,
ఏ చిల్లుది ఆ చిల్లులో గుచ్చాను.
చూడ్డానికి తోబుట్టువులే, పొడుగులు వేరు.
పొట్టిదాని చోట పొడుగుది దిగితే
అవతలి గోడ పగిలాక గాని తెలీదు.

తర్వాత కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు,
తర్వాత వేళ్ళు.
నట్టుని రెండు వేళ్ళతో దింపుతాను.
చివరంటా జారితే బతికినట్టు.
మధ్యలో, ఏ మురికీ లేని చోట,
ఊపిరి బిగబట్టినట్టు ఆగితే
మరలు ఒకదానికొకటి దూరమయ్యాయని.

పక్కింటి రేవీ ఫోను చూపిస్తాడు:
"నైరీ, మొత్తం స్టెయిన్‌లెస్ సెట్టు,
ఒక్క నొక్కుతో వస్తుంది, అద్దంలా ఉంటుంది."
మెరుపు వేరు, బిగువు వేరురా.
పైగా ఈ ఉప్పుగాలిలో
అల్యూమినియంతో అది కాపురం చెయ్యదు.

కనెక్టింగ్ రాడ్డు అడుగున రెండు.
తలల మీద మూడేసి చుక్కలు, పంచ్‌తో కొట్టినవి.
అర్థమవడానికి రెండు కప్పుల టీ పట్టింది.
ఇంజను తెరిచిన ప్రతిసారీ ఒక చుక్క.
మూడుసార్లు తీసి, మూడుసార్లూ అవే వేశాడు.
తెలియక కాదు,
తెలియనివాడు లెక్క పెట్టడు.

మైక్రోమీటరు మధ్య పెట్టి చూస్తే
పుస్తకంలో ఉన్నదానికన్నా వెంట్రుకవాసి పొడుగు.
బిగిస్తే సాగుతుంది బోల్టు,
విప్పితే వెనక్కొస్తుంది,
ఒక గీత దాకా.
ఆ గీత ఇనుము మీద ఎక్కడా గీసి ఉండదు.

ఇప్పుడు రేవీకి పాతవే కావాలి.
"పాపం, ఆయనవి కదా, వేసెయ్."
నిన్నటిదాకా అన్నీ పారేద్దామన్నవాడు!
వద్దన్నాను. క్రాంక్‌కేసు బోల్టులు ఆయనవే ఉంటాయి,
స్టాండువీ, మడ్‌గార్డువీ, తుప్పు మచ్చలతో సహా.
ఈ రెండూ తెగితే మాత్రం
రాడ్డు నా మోకాలి పక్కనుంచే బయటికొస్తుంది.

కొత్తవి మైనపు కాగితంలో వచ్చాయి,
రెండు వేళ్ళంత పొట్లం, వారం కూరల ఖరీదు.
బిగించాను. క్లిక్కుమంది.
కొసరు తిప్పబోయిన మణికట్టుని
రెండో చేత్తో పట్టుకుని ఆపాను.
రేవీ పంచ్ అందించాడు.
అక్కడ చుక్క కూడా గాయమే.
పనిముట్ల పెట్టె మూత లోపల పెన్సిలుతో రాశాను:
ఒకటోసారి.

మూడు చుక్కలవి రెండూ
కోళ్ళగూడు తలుపుకి కీలు మేకులయ్యాయి.
సముద్రంగాలి లాగుతుంది, అవి వదలవు,
రాత్రి ఒక్కసారి కిర్రుమంటాయంతే.

పెన్నీ ఎక్కడిదక్కడే వేశాను.
రాజుగారి మెడలో మళ్ళీ బోల్టు.
కారుతుందో లేదో
వాన తగ్గాక చూడాలి.