వెనక పట్టీ

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
ఇరవై ఏళ్లుగా లెక్క రాస్తున్నాను.
ఏ తోట కాయ, ఎన్ని బస్తాలు, ఎంత తరుగు,
ఏ లారీకి ఎక్కింది,
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ
నా రక్తం కాగితం రెండుసార్లు చూసి
"మీ నాయన ఎట్లా పోయాడు?" అంది.

గ్యాస్ అన్నాను.
మా ఇంట్లో అట్లానే చెప్పుకుంటాం.
నాయనకి గ్యాస్, నలభై మూడేళ్లకి,
నేను సోడా పట్టుకొచ్చే లోపల.
శీనయ్య చిన్నాయనకి ఎండదెబ్బ,
అదీ కార్తీకం ముసురులో.
తాత వెంగయ్య మాత్రం పుణ్యాత్ముడు,
ఒకరి చేత చేయించుకోకుండా పోయినాడు.

ఆమె నవ్వలేదు.
నా కంటిరెప్పల మూల పసుపు బొడిపెలు
వేలితో తాకి చూసింది.
జేజి వాటిని చూసి మురిసేది,
తాత గుర్తు మొహాన మొలిచిందిరా అని.
మడమ వెనక నరం నొక్కి
"ఇదెప్పటి నుంచి లావు?" అంది.
ఏమో.
మా కాళ్లే అంత.

ఇంటికొచ్చి పోలమ్మత్తని అడిగితే
దీపాలు పెట్టే వేళ చచ్చినోళ్ల లెక్కలేందిరా అని కసిరింది.
నా భార్య చేపల పులుసు చట్టిని
నేరం చేసినదాన్ని చూసినట్టు చూసి
అటకెక్కించింది.

తెగిన చెప్పు పట్టుకుని బస్టాండుకి పోయాను.
గోడవార ఏసుపాదం తాత
చెప్పుకంటే ముందు నా మడమ చూశాడు.
"మీకు వెనక పట్టీ వేలెడు వదులు పెట్టాలబ్బయ్యా.
మీ నాయనకీ అంతే. శీనయ్యకీ అంతే.
మీ తాతకి మా నాయన కుడతా ఉంటే
తోలు నానబెట్టి ఇచ్చింది నేనే.
కలువాయికిచ్చిన మీ రాజమ్మత్త ఉండ్లా,
ఆడమనిషైనా అదే కొలత."

రాజమ్మత్త.
ఆమెను లెక్కలోనే వేసుకోలేదు.

ఖాతా పుస్తకం చివరి పేజీ తిప్పి రాశాను.
వెంగయ్య, యాభై లోపే. పట్టీ వదులు.
మస్తానయ్య, నలభై మూడు. పట్టీ వదులు.
శీనయ్య, ముప్పై తొమ్మిది. పట్టీ వదులు.
రాజమ్మ, అడగాలి.
నా పేరు, నలభై ఒకటి.
దాని ఎదురుగా మాత్ర మొదలైన తేదీ.

పిల్లలిద్దరికీ రక్తం తీయించాము.
పెద్దోడికి ఏమీ లేదు.
తొమ్మిదేళ్ల చందనకి ఉంది.
సూది గుచ్చినప్పుడు ఏడవని పిల్ల
జేజి చెప్పిన గుర్తు నాకూ వస్తదా నాయనా అని
అద్దం ముందు కళ్లు పెద్దవి చేసుకుంది.
రాకుండానే చూస్తామమ్మా అన్నాను.
పులుసు చట్టి అటక దిగింది.
డాక్టరమ్మే చెప్పింది, తిండి చూసుకోండి గానీ
ఇది చట్టిలోంచి వచ్చింది కాదని.

ఆ రాత్రే నంబరు సంపాదించి
కలువాయికి ఫోన్ చేశాను.
రాజమ్మత్త కొడుకు, ఎప్పుడూ మాట్లాడింది లేదు.
ఎవరని చెప్పాలో, ఎట్లా మొదలు పెట్టాలో తెలియక
అడిగేశాను:
"తమ్ముడూ, నువ్వు చెప్పులు కొంటే
వెనక పట్టీ ఒరుసుకుంటదా?"

అటువైపు బర్రె ఒకటి అరిచింది.
చాలాసేపటికి,
"నీకెవరు చెప్పారు?" అన్నాడు.