కారణం గడి

తొమ్మిదీ పదికి గేటేసి
ఈల మెడలోంచి తీసి మేకుకు తగిలిస్తాను.
జూన్ నుంచి క్రమశిక్షణ నా చార్జి.
రిటైరయ్యే దినం పాత సారు అప్పజెప్పినవి మూడు:
ఒక ఈల, ఒక ఆలస్యాల రిజిస్టరు,
బీరువా వెనక గోడకానిచ్చిన కానుగ బెత్తం.
"వాడాల్సిన పనిల్యా, కనపడితే చాలు" అన్యాడు.
ఈలకు, రిజిస్టరుకు సంతకం పెట్టినాను.
బెత్తానికి రసీదు లేదు.

రిజిస్టర్లో నాలుగు గడులు:
తేది, పేరు, ఎన్ని నిమిషాలు, కారణం.
మూడు నేను నింపుతాను. నాలుగోది వాళ్ళు.
బస్సు రాలేదు. అమ్మకు జొరం.
ఎనుము తప్పిపోయింది.
తొమ్మిదో తరగతి ఖాజాబీ ఒకసారి
"లేసినాను గానీ లేయలేదు" అని రాసింది.
నవ్వొచ్చి, ఆ పిల్లను వదిలేసినాను.

ఉరుకుందు మాత్రం ఏమీ రాయడు.
సోమ, బుధ, శుక్ర,
ఇరవై నిమిషాలు, ఇరవై ఐదు,
నాలుగో గడిలో ఒక అడ్డగీత.
"యాడికి పోయింటివి రా?"
నేల చూస్తాడు.
పొగరనుకున్యాను.

ఆ శుక్రవారం
మూడొందల మంది వరసల్లో నిలబడి చూస్తుండగా
బీరువా వెనక్కి చెయ్యి పెట్టినాను.
రెండే.
రెండో దెబ్బకు తలెత్తి నా మొహం చూసినాడు
తక్కెట్లో ఏదో పెట్టి
ముల్లు ఎటు మొగ్గుతాదోనని చూసేవాని మాదిరి.

శనివారం రాలేదు. సోమవారం రాలేదు.
హాజరులో పేరు పిలిస్తే వెనక బెంచీ మద్దిలేటి
"పత్తికొండ మార్కెట్లో ఉంటాడు సార్" అన్యాడు,
ఇదీ ఒక సంగతేనా అన్నట్లు.
అందరికీ తెలుసు.
రిజిస్టరుకే తెలీదు.

మంగళవారం ఐదున్నరకే పోయినాను.
డీజిల్ వాసన, చితికిన టమాటా వాసన,
లారీ లైట్లలో ఎర్రటి పెట్టెల గోడలు.
ఆ గోడల సందున, లుంగీ పైకి కట్టి,
నోట్లో ఈలతో
(నా ఈల కంటే మంచిది)
వాడు.
"తుగ్గలోళ్ళు ఈ పక్క!
మద్దికెర ఆటో వెనక్కి తియ్యన్నా!
పెద్దాయనా, నీది మూడో వరస, నాకు గుర్తుంది."
మీసాలున్నోళ్ళు మారుమాట లేకుండా
పెట్టెలెత్తి వాడు చూపిన చోట దించుతున్యారు.
ఎవర్నీ తిట్టలేదు. చెయ్యెత్తలేదు.
నన్ను చూసి ఈల జేబులో వేసుకున్యాడు,
అరచేతులు వీపు వెనక్కి పోయినాయి.
కాసేపటికి, మెల్లగా:
"సారూ, దోవకడ్డం ఉండారు. కొంచెం జరగండి."
జరిగినాను.

వేలం అయ్యేసరికి ఎనిమిదిన్నర.
చీటీలు రాసి కూలి చేతికొచ్చేసరికి తొమ్మిది.
ఆడి నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు,
చైను ఊడిపోయే సైకిలు.
"ఇదంతా రాసుంటే ఏమయ్యేది రా, ఆ గడిలో?"
"చిన్న గడి సార్," అన్యాడు. "పట్టదు."

బుధవారం వచ్చినాడు. తొమ్మిదీ ముప్పై.
గేటు తీసి "పో లోపలికి" అన్యాను.
కదల్లేదు.
"నిలబెట్టండి సార్.
లేటుగా వస్తే ఒక పీరియడు బయట, అందరికీ అదే గదా.
ల్యాకుంటే వీళ్ళు నన్ను బతకనియ్యరు."
అప్పటికే కిటికీ కమ్మీలకు పది మొహాలు.
"సారు వానికి భయపడినాడు రోయ్" ఎవరో గుసగుస.

నిలబెట్టినాను, గోడవార, నీడ ఉన్న మేరకు.
ఆ పూట బోర్డు వదిలేసి
గుమ్మంలో నిలబడి చెప్పినాను లెక్క,
గొంతు కొంచెం పెంచి:
పెట్టె నూటెనభై. కమిషను నూటికి పది.
నలభై పెట్టెలకు రైతు చేతికి ఎంత?
లోపల పెన్నుల మూతలు ఇంకా తియ్యలేదు.
"ఆరువేల నాలుగొందల ఎనభై" బయటి నుంచి.
"హమాలీ తీస్తే ఇంకా తక్కువ సార్."
క్లాసంతా గొల్లుమన్యారు.
"సైలెన్స్!" అన్యాను, అలవాటు కొద్దీ,
ఎవర్ననో నాకే తెలీకుండా.

బెత్తం ఇంకా బీరువా వెనకే ఉంది.
బదిలీ వస్తే తిరిగి అప్పజెప్పి పోవాల.
ఎట్ల అప్పజెప్పేది,
దానికి రసీదే లేదు.