తాడు కట్టిన రాయి

ఇటు రండి, పచ్చజెండా వెనకాలే.
చెప్పులు ఇక్కడ విప్పి, ముక్కులు వాకిలి వైపు తిప్పి పెట్టండి.
తిరిగొచ్చేసరికి అవే మిమ్మల్ని తొడుక్కుంటాయి.
ఇరవయ్యారేళ్ళుగా నా మొదటి మాట ఇదే.
రోజూ ఇద్దరైనా నవ్వుతారు.

ఇవాళ్టి వాళ్ళు ఒయితా నుంచి,
సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరైన పదకొండుమంది.
ఒకాయన మనవరాలు నగిసా, పైపళ్ళు రెండూ ఊడాయి.
బతుకంతా రాళ్ళని పిండి చేసినవాళ్ళని
రాయి ముందు ఊరికే కూర్చోమంటే ఎలా ఉంటుందో!
కూర్చున్నారు. మోకాళ్ళు పటపటమన్నాయి.

ఇది నీళ్ళు లేని ఏరు.
తెల్లకంకర మీద దంతె గీసినవే అలలు.
ఆ మూల అలల మీద రాత్రి పిల్లి నడిచిపోయింది,
చెరపాల్సిన కుర్రాడు ఎందుకో చెరపలేదు.

ప్రహరీ పైన కనిపించే కొండ మాది కాదు, అరువు.
తోట వేసినవాడు ఎవర్నీ అడక్కుండా తెచ్చుకున్న
వడ్డీ లేని అప్పు.
మూడేళ్ళ కిందట దాని పక్కన అపార్టుమెంటు లేచింది.
అప్పట్నించి కంచె చెట్లని జానెడు జానెడు పెంచుతున్నారు.
అయినా గాలి వీచిన రోజున
ఏడో అంతస్తులో ఎవరిదో ఎర్రదుప్పటి ఊగుతుంది.
నేను చూపించను.
ముందు దాన్నే చూస్తారు.

నాచు మీద అడుగు పడనీకండి.
అదిగో, ఆ ఇద్దరు ముసలమ్మలు
పట్టకార్లు పట్టుకుని, తలలో పేలు చూసినట్టు
గడ్డిపరకలు ఏరుతున్నారు. ఫొటోలు వద్దు,
పెద్దావిడకి కోపం వస్తుంది.

ఇక్కడ దారి రెండుగా చీలింది కదా.
ఎడమ దారిలో, పలకరాయి మీద,
పిడికిలంత గుండ్రాయి. నల్లతాడుతో నిలువునా అడ్డంగా కట్టి ఉంది.
అంటే అటు వెళ్ళకూడదని.
గేటు లేదు, తాళం లేదు, బోర్డు లేదు.
దాటాలంటే చంటిపిల్ల దాటుతుంది.
ఎవరూ దాటరు.

నగిసా వచ్చి దాని ముందు గొంతుక్కూర్చుంది.
"ఏం తప్పు చేసిందని కట్టేశారు?"

నేను జెండా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

ముడి ఎడమకి తిరిగి ఉంది.
మా ఆయన యాసకుది ఎడమచేతివాటం.
నలభై ఏళ్ళు ఈ తోటలో ముడులన్నీ ఆయనవే.
కిందటి వానల్లో పక్షవాతం వచ్చి
సరిగ్గా ఆ చేతినే పట్టుకుపోయింది.
ఇప్పుడు కట్టేది ఇయోరి, పక్కన కూర్చుని నేర్చుకున్నవాడు.
కుడిచేతివాడే,
ముడి మాత్రం ఎడమకే తిప్పుతాడు.

రోజూ సాయంత్రం సగం నోటితో అడుగుతాడు ఆయన:
"ముడెలా ఉంది?"
"వదులు. వేలు దూరుతోంది," అంటాను.
"హూఁ" అని గోడ వైపు తిరిగి
హాయిగా నిద్రపోతాడు.
వేలు కాదు కదా,
వెంట్రుక దూరదు అందులో.

ఇవాళ ముడి మాట ఎత్తలేదు, పిల్ల మాట చెప్పాను.
నవ్వుతాడనుకున్నాను.
గిన్నెలో మిసో చారు చల్లారిందాకా
దానికేసే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున్నే జెండా చంకన పెట్టుకుని బయల్దేరితే
గడప మీద బంగాళాదుంప.
పార్సిలు విప్పిన జనపతాడు,
నిలువునా అడ్డంగా, కొసల్లో పంటిగాట్లు.
అర్ధరాత్రి ఎప్పుడు పాకాడో ఇక్కడిదాకా!
ముడి కుడికి తిరిగి ఉంది.
వంగి చూశాను,
వేలు దూరింది. రెండు వేళ్ళు దూరాయి.

పక్కగదిలో ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం.

వేలమందికి చెప్పినదాన్ని మరి.
చెప్పులు చేత పట్టుకుని
పెరటి తలుపు తీసుకుని వెళ్ళాను.
బస్సు తప్పిపోయింది.