చేటలో మిగిలినవి

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా, మూడో అంతస్తు.
బల్ల మీద ఇన్‌ఫ్యూజన్ పంపు
పదకొండు రోజులుగా ఒక స్టీలు గ్లాసుకి
ఉత్త నీళ్ళు ఎక్కిస్తోంది.
రోగి లేడు. ఇంకా.

కోడులో ఇరవై తప్పులు నేనే దాచాను,
ఎవరికీ చెప్పకుండా, ఒక ఆదివారం.
సోమవారం నుంచి జరీనా వెతికింది.
నెల తిరిగేసరికి
నేను దాచినవి పద్దెనిమిది తెచ్చింది,
నేను దాచనివి ముప్పైఆరు.
నావి పదింట తొమ్మిది దొరికాయి కాబట్టి
అసలువీ పదింట తొమ్మిదే దొరికి ఉండాలి.
మొత్తం నలభై. మిగిలినవి నాలుగు.
ఇంత చిన్న లెక్క మీద
అంత పెద్ద ఆసుపత్రి వార్డు.

గోడ మీది గీత కూడా ఔననే అంటోంది.
మొదట్లో నిట్టనిలువుగా లేచి
నాలుగో వారానికి చదునుగా పడుకుంది.
తప్పులు అయిపోయాయనా?
ఆ వారం జరీనాకి డెంగీ వచ్చి
కుర్చీ ఖాళీగా ఉందనా?
గీతకి జ్వరాల సంగతి తెలీదు.

క్యాంటీన్ వెనక
సత్తెమ్మ బియ్యం చెరుగుతుంటే
ఊసుపోక చెప్పానిదంతా.
చేట ఆపకుండానే వింది.
"మంచి బియ్యంల రాళ్ళు నువ్వే ఏసినవా సారూ?"
వేశాను. దొరకని రెండూ నేనే తీసేశాను.
"ఎసొంటియి ఏసినవ్?"
నాకు తెలిసినవే. కూడాల్సిన చోట తీసివేత,
ఒక సున్నా ఎక్కువ, అలాంటివి.
"అంటే నల్లయన్నట్టు."

చేట ఆగింది.
వేలికొసన దేన్నో అంటించి
నా కళ్ళ ముందు పెట్టింది.
తెల్లగా, నూకలా ఉంది.
బియ్యమే కదా అన్నాను.
గోటితో స్టీలు పళ్ళెం మీద నొక్కితే
కిర్రుమంది.
"గిది ఎవలేసిన్రు మరి? ఎన్ని ఏసిన్రు?"

సాయంత్రం వాన. హబ్సిగూడ దాకా ఒకటే హారన్లు.
విడుదల పత్రంలో
'మిగిలిన లోపాలు' అని ఒక గడి,
అందులో ఒక్క అంకె చాలంటాడు భూమేశ్వర్,
బండి తాళాలు తిప్పుతూ.
నాలుగు అని రాశాను.
దాని ముందు 'కనీసం' ఇరికించాను.
గడి చాల్లేదు,
సున్న బయటికి వచ్చి నిలబడింది.

గ్లాసు నిండింది.
పారబోసి మళ్ళీ పెట్టాను.
ఆ మధ్యాహ్నం అన్నంలో ఏమీ తగల్లేదు.
అయినా
ప్రతి ముద్దా
చాలాసేపు నమిలాను.